అరిటాకు ఒక్కటే పచ్చగా

తిరుపతి కొర్లగుంటలో శఠగోపం అనే పేరుగలవాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు గానీ, 'పుస్తకం శఠగోపం' ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా దారి చూపిస్తారు. ఓరియంటల్ కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరనుకుంటారు. కాదు. లైబ్రరీ పుస్తకాల దుమ్ము దులిపి, నంబర్లు వేసి, బీరువాల్లో సర్దేవాడే తప్ప వాటిని తెరిచి చూడాలన్న కోరిక అతడికి ఎన్నడూ కలగలేదు. అతడి ప్రాణం వేరే పుస్తకాల మీద ఉండేది. కొత్త వస్తువు కొంటే అట్టపెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇస్తారే, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం, ఆ జాతి పుస్తకాలు. లోకమంతా వాటిని చూడకుండానే అటకమీద పారేస్తుంది. శఠగోపం డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదువుతాడు.

మిక్సీ కొన్న రోజున అతడి భార్య సుందరవల్లి నానిన పప్పు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శఠగోపం చదువుతూనే ఉన్నాడు. చివరి పేజీలో జర్మనీ భాషలో ఉన్నదాన్ని ఏం చేయాలా అని అతడు ఆలోచిస్తుండగా ఆమె లేచి వెళ్ళి రోట్లో రుబ్బుకుంది. ఫ్రిజ్ వచ్చినప్పుడు అది సమతలంగా నిలబడాలని పుస్తకంలో రాసి ఉందని, దాని నెత్తిన నీళ్ళ గిన్నె పెట్టి, కాళ్ళకింద అట్టముక్కలు దూర్చి, ఒక పూటంతా నేలమీద బోర్లా పడుకుని చూశాడు. గిన్నె ఒలికి నీళ్ళు అతడి వీపుమీదే పడ్డాయి.

ఎవరైనా నవ్వితే అతడూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. "నాకు బుద్ధి తక్కువని నాకు తెలుసు. బుద్ధి ఉన్నవాళ్ళకు పుస్తకం ఎందుకు?" అనేవాడు. ఆ మాట వినయంగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, లోలోపల అతడికి కాస్త గర్వమే. తక్కినవాళ్ళంతా వస్తువును వాడుకుంటున్నారు, తానొక్కడే దాన్ని అర్థం చేసుకుంటున్నాడని.

రెండు వేల ఏడో సంవత్సరంలో అతడి కన్ను ఒక కెమెరామీద పడింది. లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు పత్రికలో దాని బొమ్మ చూశాడు. అరచేతిలో పట్టేంత కెమెరా. అయినా పెళ్ళిళ్ళలో స్టూడియోవాళ్ళు మెడలో వేలాడేసుకుని తిరిగే పెద్ద కెమెరా చేసే పనులన్నీ ఇదీ చేస్తుందట. మిగతా చిన్న కెమెరాలు మీట నొక్కితే తమకు తోచినట్టు ఫోటో తీసేస్తాయి. ఇది అట్లా కాదు. వెలుతురు ఎంత రానివ్వాలి, కన్ను ఎంతసేపు తెరవాలి, అన్నీ మనల్నే అడుగుతుంది. 'అడుగుతుంది' అన్న మాట దగ్గర శఠగోపం పడిపోయాడు. ఇంట్లోనూ ఆఫీసులోనూ తనను అడిగి పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు మరి.

బావమరిది నారాయణ్‌ను వెంటబెట్టుకుని చెన్నైకి వెళ్ళి కొనుక్కొచ్చాడు. నారాయణ్ బ్యాంకు ఉద్యోగి, అమ్మానాన్నలతో భవానీ నగర్‌లో ఉంటాడు, నెమ్మదైన మనిషి. తిరుగుబస్సులో ఊత్తుకోట దాటేదాకా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బావను చూసి, "కెమెరా బయటికి తీయండి బావా, నేనూ చూస్తాను" అన్నాడు.

"ముందు పుస్తకం," అన్నాడు శఠగోపం.

పుస్తకం మహా గ్రంథంలా ఉంది. నలభై దాటిన వయసులో శఠగోపం మళ్ళీ పరీక్షకు కూర్చున్నవాడిలా తెల్లవారుజామున లేచి చదివాడు. ఆ తర్వాత కొర్లగుంటలో అతడి ఇంటికి వచ్చినవాళ్ళెవరికీ కాఫీ ఒక్కటే ఇచ్చి పంపింది లేదు. నల్లగా, బెల్లం అచ్చులా బరువుగా ఉన్న ఆ కెమెరాను తువ్వాలు మీద పెట్టి ప్రవచనం మొదలుపెట్టేవాడు. "ఇదిగో, పైన రెండు చక్రాలు. ఇది మసక వెలుతురులో కంటిచూపు పెంచే చక్రం. ఇది పద్ధతులు మార్చే చక్రం. మీ చెయ్యి వణికినా లోపలి అద్దం కదిలి ఆ వణుకును సరిచేస్తుంది. ముఖాలు ఎక్కడున్నాయో తానే కనిపెట్టి చుట్టూ గీత గీస్తుంది. చీమను మీసాలతో సహా తీయొచ్చు. వెనక ఇంత పెద్ద తెర ఉందా, అయినా కన్నుపెట్టి చూసే కిటికీ కూడా ఇచ్చినాడు చూడండి, అసలైన ఫోటోగ్రాఫర్లు దాంట్లోనే చూస్తారు."

"ఫోటో ఒకటి తీయండి స్వామీ, చూద్దాం" అని ఎవరైనా అడిగితే, "ఇంకా ఆ అధ్యాయం దాకా రాలేదు" అనేవాడు.

ఆ ఏడాదే అతడి మామగారు తిరువేంగడాచార్యులుగారికి ఎనభై నిండాయి. సంస్కృత పండితుడిగా పనిచేసి ఎప్పుడో రిటైరైనవారు. కొడుకు నారాయణ్ శతాభిషేకం తలపెట్టాడు. వేయి పున్నములు చూసిన దంపతులను కూర్చోబెట్టి, హోమం చేసి, కలశాల నీళ్ళు జల్లెడ పళ్ళెంలోంచి వాళ్ళ తలలమీద పోసి, మళ్ళీ మాంగల్యం కట్టించే పండగ. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరం అత్తగారు పంకజాక్షమ్మకు. దానికి ఒక కారణం ఉంది. ఆమె పెళ్ళి నాటికి వాళ్ళ ఊళ్ళో ఫోటో తీసేవాడే లేడు. షష్టిపూర్తి నాడు మామగారికి టైఫాయిడ్ వచ్చి, మంచం పక్కనే తూతూమంత్రంగా కానిచ్చారు. "పెళ్ళికూతురుగా నేను ఎట్లుంటానో నాకే తెలీదు" అని ఆమె ఎప్పుడూ నవ్వుతూ అనేది. ఈసారి కుంకుమరంగు కంచిపట్టు తెప్పించుకుంది. చీర వచ్చిన రోజున అల్లుడికి చూపించి, "ఈ రంగు ఫోటోలో వస్తుందా నాయనా?" అని అడిగింది.

"మీరు చూస్తూ ఉండండి అత్తా. రంగు ఏమిటి, జరీ పోగులు లెక్కపెట్టుకోవచ్చు" అన్నాడు శఠగోపం.

ఆ మాట అన్నాక ఇక స్టూడియోవాళ్ళను పిలవడం అవమానం కదా. ఆ కుటుంబంలో పెళ్ళిళ్ళు, సీమంతాలు అన్నీ తీసింది గాంధీ రోడ్డులో స్టూడియో పెట్టుకున్న మునికృష్ణ. పుత్తూరు దగ్గరి పల్లెనుంచి వచ్చి స్థిరపడిన రైతుబిడ్డ, నోరున్న మనిషి. విషయం తెలిసి తానే వచ్చాడు.

"ఏం సామీ, పెద్దసామి పండగ పెట్టుకున్నారంట, నాకు కబురే లేదే?"

శఠగోపం కెమెరాను తువ్వాలుమీద పెట్టాడు. ప్రవచనం అయ్యేదాకా మునికృష్ణ ఓపిగ్గా విన్నాడు.

"బాగుండాది సామీ. మంచి వస్తువు. అయినా నేనొక మూల నిలబడి నాలుగు తీస్తా. ఎందుకైనా మంచిది కదబ్బా."

"వద్దు మునికృష్ణా. నువ్వు ఈసారి భోజనానికి రా. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఎప్పుడు తిన్నా భుజాన కెమెరాతోనే తిన్నావు. ఈసారి సుఖంగా కూర్చుని తిను."

మునికృష్ణ నవ్వి సరేనన్నాడు. ఆ మాట తన నోటినుంచి ఎంత పెద్దమనిషి తరహాలో వచ్చిందో తలచుకుని శఠగోపం ఆ రోజంతా మురిసిపోయాడు.

పండగ ముందురోజు సాయంత్రం భవానీ నగర్ ఇంటి వరండాలో అరిటాకుల కట్టలు దింపారు. నారాయణ్ కూతురు మోక్షిత, ఆరేళ్ళ పిల్ల, శఠగోపం చొక్కా పట్టుకుని, "మామయ్యా, దీంతో ఏదన్నా మాయ చేసి చూపించు" అంది. ఆ కెమెరాలో నిజంగానే ఒక మాయ ఉంది. ఒక రంగును చూపించి 'ఇది' అని చెబితే, ఫోటోలో ఆ రంగు ఒక్కటే ఉంచి తక్కినదంతా నలుపు తెలుపు చేసేస్తుంది. శఠగోపం పద్ధతులు మార్చే చక్రం తిప్పి, అరిటాకు పచ్చను చూపించాడు. ఆకు పట్టుకుని నిలబడిన పిల్లను తీసి వెనక తెరమీద చూపించాడు. పచ్చటి ఆకు వెనక బూడిదరంగు మోక్షిత.

"అయ్యో, నేను బూడిదైపోయినా!" అని ఆ పిల్ల కేరింతలు కొడుతూ ఇంట్లోకి పరిగెత్తింది. ఇంతలో లోపలినుంచి వంటస్వామికి గుమ్మడికాయ కోసిపెట్టమని కేక వచ్చింది. శఠగోపం కెమెరా కట్టేసి సంచిలో పెట్టాడు. చక్రం ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది.

మర్నాడు కార్యం పెట్టుకున్న మండపంలో శఠగోపం ప్రతాపం చూడాలి. ఏ ఘట్టానికి ఎంత వెలుతురు, ఎంత వేగం అని ముందే కంఠతా పట్టి వచ్చాడు. హోమానికొకటి, నీటి చుక్కలకొకటి, మాంగల్యానికొకటి. మసక వెలుతురు చక్రం తిప్పాడు, మీటలు నొక్కాడు. వెనక తెర వెలుగుతూ ఉంటే బ్యాటరీ తొందరగా అయిపోతుందని పుస్తకంలో ఉంది కాబట్టి తెర ఆర్పేశాడు. ఒక కన్ను మూసి, ఇంకో కన్ను కిటికీకి ఆనించి, అసలైన ఫోటోగ్రాఫర్‌లా మోకాళ్ళమీద కూర్చున్నాడు, స్టూలెక్కాడు, ఒకసారి హోమగుండానికి మరీ దగ్గరగా వెళ్ళి పంచె అంచు మాడ్చుకున్నాడు.

కార్యం చేయించే వాధ్యార్ నెయ్యి పోయబోతే, "స్వామీ, ఒక్క క్షణం అట్లే ఆపండి" అన్నాడు.

"అగ్నిహోత్రుడు ఆగడు నాయనా" అన్నారు ఆయన, మంత్రం మధ్యలోనే.

దంపతుల తలలమీద నీళ్ళు పోస్తుంటే అందరూ ముందుకు తోసుకొచ్చారు. వాళ్ళకూ దంపతులకూ మధ్య శఠగోపం అడ్డుగోడలా నిలబడ్డాడు. ఆ రోజు శతాభిషేకం చూసినవాళ్ళకంటే శఠగోపం వీపు చూసినవాళ్ళే ఎక్కువ. "చూపించు మామయ్యా" అని మోక్షిత మధ్యమధ్యలో వచ్చి అడిగితే, "బ్యాటరీ అయిపోతుందమ్మా. సాయంత్రం టీవీలో అందరం కలిసి చూద్దాం" అని పంపేశాడు.

భోజనాల దగ్గర మునికృష్ణ రెండోసారి పులిహోర వేయించుకుంటూ, "బాగా వచ్చినాయా సామీ?" అని అడిగాడు.

"నువ్వే చూస్తావుగా" అన్నాడు శఠగోపం, మాడిన పంచె అంచు మడిచి దోపుకుంటూ.

సాయంత్రం భవానీ నగర్ ఇంట్లో హాలు నిండిపోయింది. మామగారు వాలుకుర్చీలో, అత్తగారు ఆయన పక్కన పీటమీద, ఇంకా పట్టుచీర మార్చుకోకుండానే. పక్కింటి నిర్మలమ్మగారు కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. శఠగోపం పుస్తకంలో చెప్పినట్టే పసుపు తీగ పసుపుదానికి, తెల్ల తీగ తెల్లదానికి కలిపి, గొంతు సవరించుకుని మీట నొక్కాడు.

టీవీలో మండపం కనిపించింది. ద్వారానికి కట్టిన అరటిచెట్లు నిగనిగలాడుతున్నాయి. వాటి మధ్య మనుషులు మాత్రం బూడిదలో పొర్లి లేచినట్టున్నారు.

"టీవీలో రంగు పోయినట్టుంది" అన్నాడు నారాయణ్. రిమోటు తీసుకుని రంగు పెంచాడు. అరటిచెట్లు ఇంకా పచ్చబడ్డాయి. మనుషులు అట్లాగే ఉన్నారు. లేచి టీవీ నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. తీగ ఊడదీసి ఏదో ఛానల్ పెట్టి చూశాడు. వంటల కార్యక్రమంలో టమాటాలు ఎర్రగా, నిక్షేపంగా ఉన్నాయి.

ఏం జరిగిందో అందరికంటే ముందు శఠగోపానికే అర్థమైంది. రెండో ఫోటో, పదో ఫోటో, ఇరవయ్యో ఫోటో. హోమగుండంలో తెల్లటి మంట. నల్లటి కుంకుమ. నీళ్ళు, జరీ, పూలదండలు, అన్నీ ఒకే బూడిద. తులసిమాల, తమలపాకులు, అరిటాకులు మాత్రం ఇప్పుడే తోటలోంచి కోసుకొచ్చినట్టున్నాయి. తాను పొద్దున్నుంచి తిప్పిన చక్రం, నొక్కిన మీటలు, వేసిన లెక్కలు, ఏవీ ఆ పద్ధతిలో కెమెరా చెవికే ఎక్కలేదు. ఎవరినీ అడగకుండా తనకు తోచినట్టు తానే తీసుకుంటూ పోయింది.

"అది నేనే కదా?" అంది గుమ్మం దగ్గరనుంచి నిర్మలమ్మగారు. ఆమె ఆ రోజు ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. ప్రతి ఫోటోలోనూ బూడిద జనం మధ్య ఆమె ఒక్కతే పంటచేనులా వెలిగిపోతోంది. "అమ్మమ్మా, ఎంత బాగా వచ్చిందో! నాకు అన్నీ ఒక్కొక్క కాపీ కావాలి శఠగోపంగారూ."

మామగారు చాలాసేపు చూశారు. చివరికి అల్లుడివైపు తిరిగి, "మాప్పిళ్ళే, నా పదమూడోరోజు ఫోటోలు నాకే ముందుగా చూపించినావు. ఇంత అదృష్టం ఎవరికి ఉంటుంది?" అన్నారు. హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "పేరుకు తగ్గట్టే అందరికీ శఠగోపం పెట్టినాడు" అన్నారు. శఠగోపం కూడా నవ్వాడు. నవ్వడం అతడికి అలవాటే.

అత్తగారు మాత్రం నవ్వలేదు. మాంగల్యం కట్టే ఫోటో వచ్చినప్పుడు కాస్త ముందుకు వంగి, టీవీలోని బూడిదరంగు చీరను చూసి, ఒళ్ళో ఉన్న కుంకుమరంగు కొంగును చూసుకుంది. తర్వాత లేచి, "కాఫీ కలుపుతా" అని లోపలికి వెళ్ళింది. కాఫీ వచ్చేసరికి ఆమె నూలుచీరలో ఉంది.

ఆ చూపు శఠగోపానికి ముల్లులా గుచ్చుకుంది. కొర్లగుంటకు ఆటోలో వస్తుంటే సుందరవల్లి, "అన్ని పేజీలు చదివినారు కదా, తీసింది ఒకసారి చూసుకోమని యాడా రాయలేదా?" అంది.

"రాసినాడు," అన్నాడు శఠగోపం. "మొదటి పేజీలోనే రాసినాడు. ముఖ్యమైన పండగలకు ముందు ఒకటి రెండు తీసి చూసుకోండి అని. నేను దానికింద ఎర్రగీత కూడా గీసినాను."

సుందరవల్లి నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది. "అమ్మకు ఏం చెప్తారో చెప్పుకోండి. నన్ను మధ్యలోకి లాగొద్దు."

మర్నాడు పొద్దున్నే శఠగోపం గాంధీ రోడ్డుకు వెళ్ళాడు. స్టూడియో మెట్లు ఎక్కుతుంటే తనకు తానే, 'పెద్దమనిషి, భోజనానికి పిలిచినవాడి కాళ్ళే పట్టుకోవడానికి వచ్చినాడు' అనుకున్నాడు. మునికృష్ణ కార్డు తీసుకుని కంప్యూటర్లో పెట్టి చూశాడు. ఒకటి, రెండు, మూడు. నవ్వకూడదని పళ్ళు బిగించాడు గానీ నిర్మలమ్మగారి చీర వచ్చేసరికి భుజాలు కదిలిపోయాయి.

"రంగు మళ్ళీ తెప్పించలేమా మునికృష్ణా?"

"లేదు సామీ. పోయిన రంగు యాడ్నుంచి తెస్తాం? పైన పూయొచ్చు, కానీ అమ్మగారు క్యాలండర్లో బొమ్మ మాదిరి ఉంటారు." కుర్చీ వెనక్కి తిప్పి శఠగోపం ముఖం చూశాడు. "ఏడవబాకండి సామీ. నేను మొదటి పెండ్లి తీసినప్పుడు ఏం జరిగిందో తెలుసా? నగరి దగ్గర ఒక ఊర్లో. తాళి కట్టేదాకా తీసి, మూత తెరిచి చూస్తే రీలే లేదు. అది యాడుండాదంటే, జేబులో ఉండాది! నేను ఊరు వదిలి పారిపోదామనుకున్నా. ఆ పెండ్లికొడుకు నాయన మంచోడు. ఏమన్నాడో తెలుసా? 'పొట్టేళ్ళు మళ్ళీ కొయ్యనుగానీ, తాళి కావాలంటే మళ్ళీ కట్టిస్తా, రా అబ్బా' అన్నాడు. పందిట్లోనే మళ్ళీ కూర్చోబెట్టి తీసినా."

శఠగోపం కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు. "మళ్ళీ చేయించావా?"

"చేయించినా. ఇప్పుడు మీరూ అదే చేయండి. నేనొస్తా."

చెప్పినంత సులువు కాదు అది. భవానీ నగర్‌లో మామగారు విని ఎగిరిపడ్డారు. "శతాభిషేకం ఏమన్నా నాటకమా రిహార్సల్ వేయడానికి? చేసిన సంస్కారం మళ్ళీ చేయకూడదు. మంత్రం వేషానికి చెప్పకూడదు."

"తప్పు నాది మామా. ఏ ప్రాయశ్చిత్తమైనా చేసుకుంటాను."

"నువ్వు చేసుకోవాల్సిన ప్రాయశ్చిత్తం ఒక్కటే. ఆ పుస్తకం నీళ్ళలో వదులు."

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరనుంచి పంకజాక్షమ్మ, ఎవరివైపూ చూడకుండా, "ఊరికే కూర్చుంటే తప్పేముంది? ఆ చీర ఇంకా మడత పెట్టలేదు" అంది. మామగారు ఆమెవైపు చూశారు. పెళ్ళైన నాటినుంచి ఆమె ఆయన్ను నోరు తెరిచి అడిగినవి తక్కువ. ఆయన పంచె సర్దుకుని, "మాంగల్యం కట్టను. పట్టుకుని ఉంటాను. అంతే" అన్నారు.

వాధ్యార్ కూడా వస్తానన్నారు. "మంత్రం మాత్రం చెప్పను నాయనా. ఫోటోకు చెవులు లేవు కదా, నోరు కదిలిస్తాను."

తర్వాతి ఆదివారం భవానీ నగర్ ఇంటి హాల్లోనే అరిటాకులు కట్టి, హోమగుండంలో నాలుగు పుల్లలు వెలిగించి, అందరూ మళ్ళీ పట్టుబట్టలు కట్టారు. శఠగోపం తన కెమెరా సంచి గోడకు తగిలించి, ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటుంటే సుందరవల్లి జల్లెడ పళ్ళెం తెచ్చి చేతిలో పెట్టింది. "పట్టుకోండి. అల్లుడు పట్టుకోవాల్సింది ఇదే. మొన్న మీ చెయ్యి ఖాళీ లేదని మా చిన్నాయన పట్టుకున్నాడు."

అప్పుడు గానీ శఠగోపానికి తెలియలేదు, మొన్నటి కార్యంలో తాను లేనేలేడని. ఫోటోల్లో సరే, పండగలో కూడా లేడు. పళ్ళెం ఎత్తి పట్టుకున్నాడు. సుందరవల్లి, నారాయణ్ కలశాలు ఒంచారు. నీళ్ళు చిల్లుల్లోంచి సన్నటి ధారలుగా పడుతుంటే మామగారు కళ్ళు మూసుకున్నారు. అత్తగారి నుదుటిమీద కుంకుమ కరిగి ముక్కుమీదికి జారింది. ఇదంతా మొన్న ఒంటికన్నుతో అంగుళమంత కిటికీలోంచి చూశాడు. ఇప్పుడు అత్తగారి ముక్కుపుడక మీద నిలిచిన చుక్క కనిపించింది. పళ్ళెం ఇంకాస్త ఎత్తి పట్టుకున్నాడు.

మునికృష్ణ తన పెద్ద కెమెరాతో తీయాల్సినవన్నీ తీశాడు. దంపతులు బట్టలు మార్చుకుని వచ్చి మాంగల్యానికి కూర్చునేటప్పుడు, "సామీ, మీ కెమెరా కూడా ఇయ్యండి. దాంతోనూ రెండు తీస్తా, దానికి మాత్రం మనసుండదా?" అన్నాడు. శఠగోపం చక్రాన్ని అన్నీ అదే చూసుకునే పద్ధతికి తిప్పి, రెండుసార్లు సరిచూసి, తెర వెలిగించి ఇచ్చాడు.

"ఇదేంది సామీ, కలశం మీద టెంకాయకు గీత గీస్తా ఉండాది?"

"అది ముఖాలు కనిపెట్టే విద్య."

"పెద్దసామిని వదిలేసి టెంకాయనా?"

"రెండింటికీ పసుపూ కుంకుమా ఉన్నాయి. తేడా తెలియలేదు పాపం" అన్నారు మామగారు.

ఆయన మాంగల్యం పట్టుకుని చేతులు ముందుకు చాచారు. వాధ్యార్ కళ్ళు అరమోడ్చి, నోరు ఊరికే కదిలించడం మొదలుపెట్టారు. కానీ నలభై ఏళ్ళుగా ఆ ఘట్టంలో గొంతెత్తే అలవాటు ఆయనది. శబ్దం లేకుండా పెదవులు ఆడటం లేదు. మంత్రం చెప్పనని మాటిచ్చారు. చేసేది లేక, అదే స్వరంలో, అదే ఎత్తుపల్లాలతో అందుకున్నారు. "చింతపండు నానబెట్టీ... నువ్వులనూనె కాగబెట్టీ... ఆవాలూ... మినప్పప్పూ... ఎండుమిరపకాయలూ..."

మామగారు గంభీరంగా విని, "మెంతిపొడి మరిచినారు స్వామీ" అన్నారు.

పంకజాక్షమ్మ ఫక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, తడి జుట్టు కదిలి, తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం కన్నకూతురు సుందరవల్లి కూడా ఎప్పుడూ చూడలేదు. మునికృష్ణకు కూడా నవ్వు ఆగలేదు. చేతులు ఊగిపోతుండగానే మీట నొక్కేశాడు.

"పోయింది సామీ. చెయ్యి అదిరిపోయింది" అన్నాడు.

చూస్తే పోలేదు. వణుకును సరిచేస్తుందని శఠగోపం ఊరందరికీ ప్రవచనం చెప్పిన విద్య ఒక్కటే ఆ వేళ నిజంగా పనిచేసింది. కుంకుమరంగు చీర కుంకుమరంగుగానే ఉంది. మామగారు కొంటెగా వాధ్యార్‌వైపు చూస్తున్నారు. ఆయన చేతిలోని పసుపుతాడుకు ఇవతల అత్తగారు నోరారా నవ్వుతోంది. వెనక జల్లెడ పళ్ళెం చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని, వెర్రివెంగళప్పలా శఠగోపం.

ఆ ఫోటో పంకజాక్షమ్మకు నచ్చలేదు. "పైపళ్ళు రెండు లేవు, ఆ సందు కనబడుతోంది" అని, మునికృష్ణ పెద్ద కెమెరాతో తీసిన బుద్ధిమంతురాలి ఫోటోను ఫ్రేము కట్టించి హాల్లో పెట్టించింది. పొద్దుటిపూట దేవుడికి పూలు పెట్టి వచ్చేటప్పుడు ఆ ఫోటో ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడుతుందని మోక్షిత చెప్పింది. నవ్వుతున్న ఫోటోను మామగారు అడిగి తీసుకుని తన గదిలో, పంచాంగం తగిలించే మేకుకు తగిలించుకున్నారు. నిర్మలమ్మగారు మాత్రం మొదటి పండగ ఫోటోలన్నీ కడిగించుకుని ఆల్బం కుట్టించుకుంది.

ఆ తర్వాత బంధువుల ఇళ్ళలో ఏ కార్యం జరిగినా శఠగోపానికి పిలుపు ముందు వచ్చేది. "మీరు తప్పకుండా రండి, కెమెరాకు మాత్రం వేరే పని చెప్పండి" అనేవాళ్ళు. అతడు వెళ్ళేవాడు. వెళ్ళినచోటల్లా, ఇంకొకరు ఎత్తేలోపలే తానే ఈ కథ ఎత్తుకునేవాడు. లైబ్రరీకి కొత్తగా వచ్చిన లెక్చరర్లకు పుస్తకం ఇచ్చేముందు ఈ కథ ఇచ్చేవాడు. చెప్పేకొద్దీ టీవీ నెత్తిన పడిన దెబ్బలు రెండు కాస్తా పది అయ్యాయి, పులిహోర మంత్రం పొడుగై దద్ధ్యోదనందాకా వెళ్ళింది, మాడిన పంచె అంచు మోకాలిదాకా మండింది.

ఒకరోజు ఏదో శ్లోకం చూసుకోవాలని మామగారే నారాయణ్ స్కూటర్ వెనక కూర్చుని లైబ్రరీకి వచ్చారు. బీరువా అవతల అల్లుడు ఎవరికో కథ చెబుతూ ఉన్నాడు. ఆయన చేతికర్రమీద గడ్డం ఆనించి మొత్తం విన్నారు. అయ్యాక ముందుకు వచ్చి, "మాప్పిళ్ళే, నువ్వు చెప్తుంటే ఎంత బాగుండాదంటే, ఆ పండగకు నేనూ వచ్చి ఉంటే బాగుండేది అనిపిస్తా ఉంది" అన్నారు.